ఏడు రోజులు అడగకూడని ప్రశ్న

సోమవారం, ఉదయం 6.10
తీర్మానం: ఆదివారం భోజనాలయ్యేదాకా "మార్మన్లు క్రైస్తవులేనా?" అన్న ప్రశ్న నా నోట రాదు. మనవరాలు తెగేసి చెప్పింది: "అమ్మమ్మా, ఆ రోజు అబ్బాయి వాళ్ళమ్మ కూడా వస్తోంది. ఆవిడ ముందు ఈ గొడవ లేవదీశావో, నా నిశ్చితార్థం నువ్వు లేకుండానే!"
కాబోయే వరుడు పళ్ళ డాక్టరు. మార్మన్, అంటే బైబిలుతోపాటు మార్మన్ గ్రంథాన్నీ నమ్మేవాడు. నేను నలభై ఏళ్ళు సండేస్కూల్లో త్రిత్వం బోధించినదాన్ని. అయితేనేం, ఏడు రోజులు నోరు మూసుకోలేనా!

మంగళవారం, సాయంత్రం 5.00
ఘనవిజయం! డాక్టరు వచ్చాడు. కాఫీ ఇచ్చాను.
"మా సంఘంలో కాఫీ తాగరండీ, అమ్మమ్మగారూ."
"ఏ వచనంలో ఉంది నాయనా?" అనలేదు. నాలుక కరుచుకున్నాను. పళ్ళ డాక్టరు కదా, గమనించే ఉంటాడు.

బుధవారం, 11.00
అడగవద్దన్నారు గానీ చదవవద్దనలేదుగా. వాళ్ళ గ్రంథం తెప్పించాను.
11.40. మార్జిన్లలో ఎర్ర పెన్సిలుతో ఇరవై ఆరు ప్రశ్నలు. రాసుకోవడం అడగడం కిందికి రాదు.

గురువారం, ఉదయం 9.00
డాక్టరుకు ఫోను చేశాను. పంటినొప్పితో మొదలుపెట్టి, ఎలాగో త్రిత్వం దగ్గర తేలాను.
"తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేర్వేరు, సంకల్పం మాత్రం ఒక్కటే అని మా నమ్మకమండీ. మా రక్షకుడు క్రీస్తే."
"ముగ్గురూ ఒకే దేవుడని కదయ్యా మేం నేర్పింది?"
"అవునండీ. అక్కడే మీకూ మాకూ తేడా."
ఒప్పేసుకున్నాడు! ఇలాంటివాడితో పోట్లాట ఎలా సాగుతుంది? అయినా వాళ్ళమ్మ ముందు కాదుగా. లెక్కలోకి రాదు.

శనివారం
నోరు విప్పలేదు. గొంతు పట్టేసింది లెండి.

ఆదివారం, మధ్యాహ్నం 3.15
సర్వం మంట గలిసింది.
మా వదిన పిలవని పేరంటంలా ఊడిపడింది. ఆవిడది నీళ్ళలో ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం. కూర్చుంటూనే, "ఏమయ్యా డాక్టరూ, వేరే పుస్తకం పెట్టుకుని మీరు క్రైస్తవులెలా అవుతారు?" అంది.
వాళ్ళమ్మ చెంచా కింద పెట్టేసింది. మనవరాలు నావంక చూసింది. నేను గడియారంవంక చూశాను.
వదిన ఆగితేగా! "మా వదినా అంతే. నెత్తిన నాలుగు చుక్కలు చల్లించుకుంటే బాప్తిస్మమా? ఈవిడా క్రైస్తవురాలు కాదు!"
నలభై ఏళ్ళ సండేస్కూలు!
"వదినా! ఈ అబ్బాయి నిలువునా మునిగి లేచినవాడు. నీ కొలత ప్రకారం ఈ బల్ల దగ్గర నీ తర్వాత క్రైస్తవుడు అతనే!"
"మునిగితే చాలా? త్రిత్వమో?"
"అది నాకూ అతనికీ ఉన్న తగువు. మధ్యలో నువ్వెవరు? నావి ఇంకా ఇరవై అయిదు ప్రశ్నలున్నాయి!"
మనవరాలు తల పట్టుకుంది.
వాళ్ళమ్మ నవ్వేసింది. "అడగండి పిన్నిగారూ. మా గురించి తీర్పు చెప్పేవాళ్ళే గానీ, అడిగేవాళ్ళు ఏరీ?"
ఆరు ప్రశ్నలయ్యాయి. నాలుగింట్లో నేను ఒప్పుకోలేదు. అయినా ఆవిడా నేనూ రెండోసారి వడ్డించుకున్నాం.
మనవరాలి తీర్పు: "నిశ్చితార్థానికి రా. కానీ నీ కుర్చీ మీ వదిన పక్కనే."

సోమవారం, ఉదయం 6.10
వాళ్ళు క్రైస్తవులా, కారా? నాకింకా తేలలేదు. కొత్త తీర్మానం: నిశ్చితార్థం దాకా ఎవరి క్రైస్తవమూ తూచను.
6.20. వదిన ఫోను. "రాత్రంతా ఆలోచించాను, నువ్వు క్రైస్తవురాలివి కానే కావు" అంటోంది.
7.35. ఫోను పెట్టేశాను. తీర్మానం రేపటినుంచి.