బెరడు లేని దుంగలు

ఏమండీ,

రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నారని లేపలేదు. లేవగానే డ్రిల్లు పట్టుకుని పెరట్లోకి వెళ్లకండి. దుంగలకు బెజ్జాలు పెట్టినా ఇక లాభం లేదు. నిన్న నేను ఇంటికొచ్చేసరికి మామయ్యగారు అన్నిటికీ బెరడు చెక్కేశారు. బెరడు లేకపోతే దుంగ ఎండిపోయి పుట్టగొడుగులు మొలవవని ఆయనకు చెప్తానన్నది మీరే. జన్మంతా వడ్రంగం చేసిన మనిషి, కర్ర కనబడితే చెయ్యి ఊరుకుంటుందా?

బెజ్జాల్లో కూరాలని ఫ్రిజ్‌లో పెట్టిన పుట్టగొడుగుల విత్తనం ఎక్కువ రోజులు ఆగదు. కట్టెల అడితికి వెళ్లి, బెరడుతో ఉన్న పచ్చి దుంగలు ఇంకేమైనా ఉన్నాయేమో అడగండి.

ఆయన్ని మాత్రం ఏమీ అనకండి. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. కానీ చేతులు వణకడం మొదలయ్యాక ఆయన మళ్లీ బాడిసె పట్టింది నిన్ననే. ఎంత నున్నగా చెక్కారో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. బాగున్నాయని చెప్పండి. నేనూ అదే చెప్పాను.

అన్నట్టు, ఇందాక టీ ఇస్తుంటే "మళ్లీ దుంగలు ఎప్పుడొస్తాయమ్మా?" అని అడిగారు. సాయంత్రానికి వస్తాయనేశాను. ఆయన అప్పుడే బాడిసె నూరుకుంటున్నారు.