మనం కాస్తా మేము అయింది

అబ్బాయికి పిన్ని దీవెనలు.

గెలిచావు కదా, పేరు పక్కన 'గారు' తగిలిద్దామనుకున్నాను. చిన్నప్పుడు నీ ముక్కు తుడిచిన చెయ్యి రాయనని మొరాయించింది.

ఎన్నికలప్పుడు, మేం కుట్టిచ్చిన ఎర్ర కండువా వేసుకుని మా కుట్టు షెడ్డుకొచ్చావు. బట్ట కత్తిరించే బల్ల ఎక్కి, "గెలిస్తే ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళం మనమే తీస్తాం" అన్నావు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

మొన్న గేటు దగ్గర కారు దిగకుండానే, "మేము పరిశీలిస్తున్నాం, మీరు ఓపిక పట్టాలి" అన్నావు. కాజాలు కుట్టే వదిన నా డొక్కలో పొడిచి, "విన్నావా? మనం కాస్తా మేము అయింది. అందులో మనం లేం" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

తాళంచెవి ఇంకా సూపర్‌వైజర్ జేబులోనే ఉంది. అడిగితే "మళ్ళీనా?" అంటాడు. అందుకని నీళ్ళు తాగడం మానేశాం. ఓపికంటే మాకు అదే.

షెడ్డులో అందరం కూడబలుక్కుని రాస్తున్న మాట ఇది. సోమవారం రా. ఉపన్యాసం వద్దు. నా పక్కన స్టూలు మీద కూర్చుని కడుపునిండా నీళ్ళు తాగు. అవసరం పడ్డప్పుడు వెళ్ళి తాళంచెవి అడుగు. పరిశీలన దానంతటదే పూర్తవుతుంది.

రాకపోయినా నొచ్చుకోం. వచ్చే ఎన్నికలకీ బల్ల తుడిచే ఉంచుతాం, ఎక్కి ఓటు అడగండి.

మేము పరిశీలిస్తాం. మీరు ఓపిక పట్టాలి.

పిన్ని