పచ్చగానే ఉన్న పైన్ మొక్కలు

ఫిబ్రవరి 2, ఆదివారం

కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట మళ్ళీ మాయమైంది. వెతికే పనిలేదు. డాబా మీద ఉంటుంది, నిండా ఇసుకా ఇటుక నలుసులూ, మధ్యలో జానెడు పైన్ మొక్క. వంటింటి సామాను అడగకుండా పట్టుకుపోవడాన్ని మా ఆయన హాబీ అంటాడు.

ఈ మనిషి పంపుల ఫ్యాక్టరీ గేటు ముందు మాట్లాడుతుంటే లోపల మేనేజరు కిటికీలు మూయించుకునేవాడు. యూనియన్‌ని ముక్కలు చేసి, ముందస్తు రిటైర్మెంట్ పేరుతో ఇతన్ని బయటికి పంపేశాక, ఇదిగో, బోన్సాయ్. చెట్టు కావలసినదాన్ని పళ్ళెంలో ఆపేసి, చుట్టూ చేరి మెచ్చుకోవడం. మా కాలేజీ యాజమాన్యం మాలాంటి లెక్చరర్లతో ఏళ్ళ తరబడి చేస్తున్నది అదే. దానికి ఎవరూ ఎగ్జిబిషన్ పెట్టలేదు పాపం.

ఫిబ్రవరి 5

బట్టలు తియ్యడానికి డాబా ఎక్కాను. అగ్గిపుల్లంత మొలకల్ని వరసగా పడుకోబెట్టి బ్లేడుతో కోస్తున్నాడు. వేరంతా తీసిపారేసి, మిగిలిన కాడని ఏదో పొడిలో అద్ది ఇసుకలో గుచ్చుతున్నాడు. ఇది వైద్యమా, హత్యా అని అడిగాను. తలెత్తకుండానే చెప్పాడు. గింజలోంచి వచ్చే మొదటి వేరు తిన్నగా కిందికే పోతుందట, పక్కలకి దేన్నీ ఎదగనివ్వదట. దాన్ని తీసేస్తే కోసిన చోట చుట్టూ అన్ని వైపులా సమంగా వేర్లు వస్తాయట. బుట్టలు కూడా అందుకేనట. చిల్లులోంచి గాలిలోకి తల పెట్టిన వేరు కొస ఎండిపోతుంది, దాని వెనకాల పిల్లవేర్లు పుడతాయి.

సగం మొలకలు చస్తే? అన్నాను. చస్తాయి, అన్నాడు.

ఇంత నింపాదిగా ఆ మాట అనే మనిషిని నేను పెళ్ళి చేసుకోలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

బోన్సాయ్ క్లబ్ ప్రెసిడెంట్ ఇంటికొచ్చాడు. ఎవరంటే, కిటికీలు మూయించుకున్న ఆ మేనేజరే. రిటైరై ప్రకృతి ప్రేమికుడిగా అవతరించాడు. నోరు తెరిస్తే వేర్ల మాటే కాబట్టి మూలపురుషుడు అని పేరు పెట్టుకున్నాను.

నా కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయన స్టూలు మీద, అదీ అంచున. మాటకి ముందొక సార్, వెనకొక సార్. మూలపురుషుడు నాకు జ్ఞానబోధ చేశాడు. ఒక పక్క వేరు బలిసిపోతే మిగతావి చిక్కిపోతాయమ్మా, బలిసినదాన్ని కొట్టేస్తేగానీ మొక్కకి అందం రాదు అని. ఫ్యాక్టరీలోనూ ఆ పద్ధతే పాటించారు కదండీ, అందం మాత్రం రాలేదు అన్నాను. పకపకా నవ్వాడు. మేడమ్ కలమే కాదు, నోరూ పదునే సుమా అని మా ఆయన్ని మెచ్చుకున్నాడు, నేనేదో ఈయన కుండీలో పెంచిన మొక్కనైనట్టు.

అసలు సంగతి వెళ్ళేముందు తీశాడు. ఇరవై మూడున క్లబ్బులో వేర్ల డెమో. మా ఆయన నాలుగేళ్ళ మొక్కలన్నీ తీసుకురావాలి. మొక్కలు ఇతనివి, వేదిక మీద చెయ్యి ఆయనది. తప్పకుండా సార్, అన్నాడు మా ఆయన. వెంట వెళ్ళి గేటు తీశాడు. కారు తలుపు కూడా తీశాడు. నేను కిటికీలోంచి చూశాను కాబట్టి రాస్తున్నాను, ఎవరైనా చెప్పుంటే నమ్మేదాన్ని కాదు.

ఫిబ్రవరి 17

పోట్లాడదామనే డాబా ఎక్కాను. నన్ను చూసి ఒక మొక్కని మట్టితో సహా బుట్టలోంచి పైకి తీసి చూపించాడు. వేర్ల నిండా తెల్లటి దారాలు. బూజు పట్టింది కదయ్యా అన్నాను. బూజు కాదట. పైన్ వేర్లతో కలిసి బతికే ఫంగస్ అట. వేరుకి నీళ్ళు అది అందిస్తుంది, దానికి తిండి వేరు పెడుతుంది. ఒకటి లేనిదే ఒకటి నిలవదు. అందుకే పైన్‌కి మట్టి ఒకేసారి దులపకూడదు. ఇప్పుడొక సగం, రెండేళ్ళాగి ఇంకో సగం. వాసన చూడమని ముక్కు దగ్గర పెట్టాడు. వానకి తడిసిన అడవి. బాగుందని చెప్పలేదు. బాగుంది.

ఇవి ఫ్యాక్టరీ వదిలిన ఏడు తన చేత్తో గింజ వేసి పెంచినవి. ఇవి పోతే ఆ కొత్త మొలకలు కూడా ఎవరికైనా ఇచ్చేస్తాను, నాకింక ఓపిక లేదు అన్నాడు. సగమే తియ్యాలని మీ సార్‌కి చెప్పావా అన్నాను.

ఆయనకి తెలియదా ఏంటి, అన్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

హాలు నిండా రిటైరైన అధికారులు. జీవితమంతా మనుషుల్ని కత్తిరించి ఇంకా చేతుల దురద తీరనివాళ్ళు. మా ఆడపడుచు కూడా వచ్చింది, అన్నయ్య స్టేజీ ఎక్కుతున్నాడని ఫోన్ పట్టుకుని.

మూలపురుషుడు మొదటి మొక్కని పెరికాడు. తెల్లదారాలు చూసి ముక్కు చిట్లించాడు. ఫంగసండీ ఫంగస్, చూశారా, శుభ్రత లేకపోతే ఇంతే, మనవాడికి చెయ్యి ఆడుతుందిగానీ సైన్సు తెలీదు అని సభకి చెప్పాడు. హోస్ పైపు తెమ్మన్నాడు. పైపు పట్టుకున్నదెవరు? మా ఆయన. మూలపురుషుడు మొక్క పట్టుకుంటే ఈయన నీళ్ళు కొట్టాడు. మట్టంతా పోయి వేర్లు తడిసిన నూలుపోగుల్లా వేలాడాయి. చప్పట్లు. తర్వాతి మొక్క. చప్పట్లు. నేను మూడో వరసలోంచి మా ఆయన వైపు కళ్ళతో అరిచాను. చూశాడు. చూసి ఇంకో బుట్ట అందుకున్నాడు.

నేను లేచి చెప్పొచ్చు. చెప్పలేదు. అది అతని నోట్లోంచి రావలసిన మాట. నా నోట్లోంచి వస్తే పెళ్ళాం గోల అయ్యేది, అంతే.

ఫిబ్రవరి 24

ఎందుకు నోరు విప్పలేదని అడిగాను. అంతమందిలో సార్‌ని ఎలా, అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అతను ఆగాడు. నేను ఆగలేదు.

మార్చి 3

మొక్కల్ని నీడకి మార్చాడు. పొద్దస్తమానం మెట్లెక్కడం, దిగడం. ఆసుపత్రి వరండాలో మనుషులు ఇలాగే తిరుగుతారు.

మార్చి 16, ఆదివారం

మూలపురుషుడు తనిఖీకి వచ్చాడు. ఆహా, నిగనిగలాడుతున్నాయి, చూశావా, నువ్వేమో డీలా పడ్డావు అని మా ఆయన భుజం తట్టాడు. డెమో మీద క్లబ్ పత్రికకి వ్యాసం కూడా రాశాడట. శీర్షిక "నా పద్ధతి".

ఆయన వెళ్ళాక నేనూ అన్నాను, పచ్చగానే ఉన్నాయి కదా అని. మా ఆయన ఒక కొమ్మ కొస చూపించాడు. ఈపాటికి ఆ మొగ్గ కొవ్వొత్తిలా లేవాలి. కదల్లేదు. పైన్ చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుందట. వేర్లు పోయిన సంగతి ఆకుకి ఆలస్యంగా తెలుస్తుందట.

నాకు తెలిసిన ఎన్ని సంఘాలు ఇలా పచ్చగా ఉన్నాయి! ఆఫీసుంది, బోర్డుంది, వార్షికోత్సవముంది, అధ్యక్షుడికి పూలదండ ఉంది. మొగ్గ కదలదు. ఎవరూ కొస చూడరు. ఆకు చూసి భుజాలు తట్టుకుంటారు.

మార్చి 30

గోధుమరంగు. అన్నీ.

ఆడపడుచు ఫోన్ చేసింది. నీళ్ళు ఎక్కువ పోసి చంపుకున్నాడని మూలపురుషుడు క్లబ్బంతా చెప్తున్నాడట. పోనీలే వదినా, మొక్కలే కదా, పెద్దాయనతో మనకెందుకు, అన్నయ్య మానాన అన్నయ్యని వదిలెయ్ అంది. ఈ ఇంట్లో అందరూ అందరినీ వాళ్ళ మానాన వదిలెయ్యబట్టే ఇలా ఏడ్చింది మన బతుకు అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, కూర్చున్న చోటే నేను రాసే వారపత్రికకి వ్యాసం రాసి పంపాను. పేర్లు లేవు. అక్కర్లేదు, చదివినవాళ్ళందరికీ తెలుస్తుంది.

ఏప్రిల్ 3

వ్యాసం అచ్చయింది. మా ఆయన చదివాడు. ఎన్నేళ్ళ తర్వాతో గొంతు పెంచాడు. ఆయన నా మొక్కల్తో డెమో చేసుకున్నాడు, నువ్వు వ్యాసం చేసుకున్నావు, ఇద్దరికీ భలే పనికొచ్చాయి అన్నాడు. పైగా నా సంగతి నేను చెప్పుకోలేనని ఊరందరికీ చాటావు అన్నాడు.

దానికి నా దగ్గర జవాబుంది. నాలుగు పేరాల జవాబు. మొదటి పేరా మధ్యలో ఉండగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

చచ్చిన మొక్కనొకదాన్ని బుట్టతో సహా సంచిలో పెట్టుకుని క్లబ్బుకి వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. నేనూ రానా అని అడగలేదు. అడగకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో ఆ దేవుడికే తెలియాలి, ఆయన మీద నాకు నమ్మకం లేకపోయినా.

వచ్చి భోంచేసి పడుకున్నాడు.

ఏప్రిల్ 7

క్లబ్బులో ఏం జరిగిందో మూలపురుషుడే చెప్పాడు, ఫోన్ చేసి మరీ. మా ఆయన మీటింగులో లేచి ఆ మొక్కని టేబుల్ మీద పెట్టి, రెండు వేళ్ళతో పైకి లాగాడట. నల్లబడ్డ వేర్లు, పట్టు లేదు, ఊడొచ్చిందట. దీన్ని చంపింది నేనే, పైన్‌ని ఇలా కడగకూడదని తెలిసే కడిగాను, ఈయన చెప్పారని కడిగాను, మీరెవరూ ఎవరు చెప్పినా కడక్కండి అన్నాడట. అని కూర్చున్నాడట. సార్ అని కూడా అన్లేదమ్మా, ఈయన అన్నాడు, నా వైపు వేలు చూపించి ఈయన అన్నాడు అని మూలపురుషుడు గింజుకున్నాడు. అదంతా మీరు నూరిపోసిందే, నాకు తెలుసు అన్నాడు.

లేదండీ అన్నాను. నేను నూరిపోస్తే ఇంకా చాలాసేపు మాట్లాడేవాడు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. డాబా మీద మొలకలకి నీళ్ళు పోస్తున్న చప్పుడు. ఎవరికీ ఇచ్చెయ్యలేదన్నమాట.

ఏప్రిల్ 20, ఆదివారం

వచ్చే నెల మా లెక్చరర్ల సంఘం సభ. పాత యూనియన్ నాయకుడిగా వచ్చి ఒక్క పావుగంట మాట్లాడమని మా ఆయన్ని అడిగాను. ఇన్విటేషన్‌లో అతని పేరు ముందే వేయించేశాను.

రాను, అన్నాడు.

కారణం చెప్పలేదు. సంజాయిషీ లేదు. వాదించడానికి నాకేమీ మిగల్చలేదు.