మూల నక్షత్రం పిల్ల మీ గడప తొక్కింది

2004 జూన్, శుక్రవారం. మబ్బు పట్టి చెదిరిపోయింది. పొద్దున విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచాను.

బావా, నిన్న నీ సంవత్సరీకం అయింది. నా కూతురు అరుణది మూల నక్షత్రమని, కోడలిగా వస్తే మామకు గండమని, పుచ్చుకున్న తాంబూలాలు తిప్పి పంపావు. ఆ పిల్ల అనంతపురంలో ఎమ్మెస్సీ చేసింది. రాయదుర్గంలో రెండేళ్లు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పింది. ఇప్పుడు నక్షత్రాలు ఎలా పుట్టి ఎలా చస్తాయో పరిశోధన చేస్తోంది. నువ్వేమో ఆమె కోడలు కాకుండానే పోయావు.

ఇవాళ నీ కొడుకు సుధాకర వచ్చాడు.

"మామా, చెల్లెలు ఫిజిక్స్‌లో ఫెయిలయినాది. అరుణకు సెలవులే కదా, మా ఇంటికొచ్చి రోంత చెప్పమను."

"ఏమప్పా, ఆ పిల్ల మీ గడప తొక్కితే మీ నాయనకు గండమంటిరే?"

వాడు తల దించుకున్నాడు. "నాయన ఇప్పుడు లేడు కదా మామా."

ఇన్నేళ్లు దాచుకున్న నవ్వు అప్పుడు నవ్వాను. అరుణ లోపలి నుంచి వచ్చి చెప్పులేసుకుంది. నేనూ వెంట పోయాను. మా అక్క నీ పటం ఎదురుగా, నీ కుర్చీలోనే దాన్ని కూర్చోబెట్టింది. నువ్వు పొమ్మనలేకపోయావు. కళ్లారా చూసి వచ్చాను.

రేపూ పోతుంది, ఎల్లుండీ పోతుంది. ఎద్దులకు నీళ్లు పెట్టాలి.