మారు వడ్డన

ఇంటి దగ్గరున్న మీకు నమస్కారాలు. అత్తయ్య, అమ్మాయి, నేను ముగ్గురం కులాసాగానే ఉన్నాం. మీరూ, ఈనబోయే గేదే కూడా కులాసా అని తలుస్తాను.

మీ ఉత్తరం నిన్న అందింది. అత్తయ్య మోకాలు ఎలా ఉందని అడిగారు. రోజూ సముద్రం ఒడ్డున నడుస్తున్నారు, మందు రాయమనడం మానేశారు. అమ్మాయి ఎండకి నల్లబడింది. నా చేతులకి విశ్రాంతి దొరికిందా అన్నారు. దొరికింది. పొయ్యి ముట్టుకుని పన్నెండు రోజులైంది. మూడు పూటలా సందు చివర హోటల్లోనే తింటున్నాం. ఆరు బల్లలు, ఒక గోడ గడియారం. వంట ఒకావిడ చేస్తుంది, నా వయసే ఉంటుంది. వంట బాగుంటుంది. ఆ మాట మొదటిరోజే ఒప్పుకున్నాను.

ఇంట్లో వంకాయ చూస్తే మొహం తిప్పుకునే అమ్మాయి ఇక్కడ గిన్నె అడుగు గీకింది. "అమ్మా, ఈవిడ దగ్గర నేర్చుకోరాదూ?" అంది. చిన్నపిల్ల కదా అని ఊరుకున్నాను. ఐదోరోజు అత్తయ్య వంటావిణ్ణి బయటికి పిలిపించారు. "తల్లీ, చేప కూరంటే ఇదీ!" అన్నారు. పద్నాలుగేళ్ళలో నా కూర గురించి ఆవిడ ఇంత మాట అనలేదు. ఆ రోజు నుంచి నాకక్కడ ముద్ద దిగలేదు.

ఇక అసలు సంగతి. రాయాలా వద్దా అని రెండు కాగితాలు చింపాను. మొన్న మధ్యాహ్నం అమ్మాయి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది. అత్తయ్య జారిపడ్డ కళ్ళజోడు కోసం వంగారు. నేను బల్లమీది ఉప్పు డబ్బా మూత తీసి సగం ఉప్పు కూరగిన్నెలో ఒంపేశాను.

అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. అది చూసి హోటలాయన వంటావిణ్ణి కేకేశాడు. ఆవిడ వచ్చి వేలితో రుచి చూసింది. డబ్బా చూసింది, నన్ను చూసింది. మూత ఇంకా నా చేతిలోనే ఉంది.

"పొరపాటు నాదేనమ్మా, పరధ్యానంలో వేసేశాను" అంది. అందరి ముందూ హోటలాయన చేత మాటలు పడింది.

గదికి తిరిగొస్తుంటే అత్తయ్య, "మూత నేనూ చూశాను. ఎందుకలా చేశావే?" అన్నారు.

"పద్నాలుగేళ్ళలో నా వంట ఒక్కసారైనా బాగుందన్నారా?"

"అనలేదా?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "రోజూ మారు అడుగుతాను కదే! ఇక్కడ ఒక్కనాడైనా మారు వేయించుకున్నానా? పరాయిచోట తింటే ఒక మంచిమాట చెప్పి లేస్తాం. ఇంట్లో అయితే మారు అడుగుతాం."

నిన్న పొద్దున్నే హోటలాయనకి నిజం చెప్పి, వంటగది వెనక తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేప పొలుసు తీస్తూ తలెత్తలేదు. "తెలుసమ్మా. మా అత్త ఇంకొకరి కూర అలా మెచ్చుకుని ఉంటే నేనూ అదే చేసేదాన్ని. కాకపోతే మూత పెట్టేసేదాన్ని" అంది.

మధ్యాహ్నం అత్తయ్య మళ్ళీ కూర బాగుందన్నారు. గిన్నె ఇంకోసారి దగ్గరికి జరుపుకుంటారేమోనని నేను కన్నార్పకుండా చూశాను. జరుపుకోలేదు. అప్పుడు నాకు ముద్ద దిగింది.

ఆదివారం బస్సుకి బయలుదేరుతున్నాం. మీరు బాగుందనీ అనరు, మారూ అడగరు. పెట్టింది తిని లేచిపోతారు. సోమవారం వంకాయ వండుతాను. రెండింట్లో ఏదో ఒకటి చెయ్యండి.

ఇట్లు,
మీ ఇంటిది