గోదాట్లో కడిగిన బండి

మంగళవారం, రాత్రి

సత్తిబాబు తన పాత పికప్ అమ్ముతానంటే చూద్దామని సాయంత్రం అగ్రహారం వెళ్లాను. కింద ఛాసీకి, అదే బండిని మోసే ఇనప చట్రానికి, కొత్తగా నల్లరంగు కొట్టించాడు.

"కొన్నకాడ్నించీ రోజూ గోదాట్లోకి దింపి, చంటిపిల్లకి పోసినట్టు నీళ్లోసి కడిగేనండి, ఆయ్" అన్నాడు.

అక్కడే నాకు అనుమానమొచ్చింది. ఎండాకాలం సముద్రపు పోటు తగిలితే మా గోదావరి ఉప్పుకషాయమే. కిందకి దూరి స్పానర్‌తో తట్టుకుంటూ వెళ్లాను. ముందువైపు ఖంగుమంది. వెనక చక్రాల దగ్గర తడిసిన అట్టను కొట్టినట్టుంది. కాస్త గట్టిగా పొడిస్తే స్పానర్ లోపలికి దిగిపోయింది.

సత్తిబాబు ఆ బొక్కకేసి చూస్తూ, "రోజూ కడిగేనండీ" అన్నాడు మళ్లీ. ఆ కడగడమే ఇనుముని తినేసిందని చెప్పకుండానే స్పానర్ తుడుచుకున్నాను. వద్దని వచ్చేశాను.

అంతటితో పోతే బాగుండేది. మా ఆవిడ మంగ, తోటి ఆడవాళ్లు రోజూ రొయ్యల షెడ్డుకి వెళ్లేది ఆ బండి వెనక నిలబడే. అన్నం దగ్గర సంగతంతా చెప్పి, ఆ చట్రం ఎప్పుడైనా విరుగుతుంది, రేపట్నించి ఎక్కొద్దన్నాను.

"మరి పొద్దున్నే ఇంకో బండి ఎవడంపుతాడు?" అంది.

గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారకముందే సత్తిబాబు వీధి చివర హారన్ కొడతాడు. బండి కడిగి మరీ వస్తాడు.