చెంగల్రాయుడికి చెందాల్సిన కవరు

తిరుపతి, అలిపిరి రోడ్డులో కాపురముంటున్న మునిరత్నం అనే నేను, వయస్సు డెబ్బై నాలుగు, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా స్వదస్తూరితో రాసుకున్న వీలునామా ఇది. నా బుద్ధి మీద అనుమానమున్నవాళ్లు నాతో ఒక ఆట చదరంగం ఆడి చూడవచ్చు.

1. ఇల్లు, బ్యాంకులోని డబ్బు నా భార్య మునిలక్ష్మికి, ఆమె తదనంతరం మా అబ్బాయి గిరిప్రసాద్‌కు చెందాలి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత అతనిదే.

2. చదరంగం బల్ల, గడియారం మనవరాలు జాహ్నవికి. నల్ల బంట్లలో ఒకటి మందు సీసా మూత. అసలుది పోగొట్టింది మీ నాన్న గిరిప్రసాదే తల్లీ, ఇప్పటికీ ఒప్పుకోడు.

3. బీరువాలో పట్టుచీరల కింద ఉన్న కవరు నా స్నేహితుడు, శ్రీకాళహస్తి లెక్కల మాస్టారు చెంగల్రాయుడికి. 1996లో ఒక ఆదివారం, ఆట సగంలో ఉండగా ఆయన బస్సుకు వేళైంది. వంతు నాది. ఆట మధ్యలో ఆపితే పాటించే నియమం ప్రకారం నా ఎత్తు బల్ల మీద వేయకుండా, కాగితం మీద రాసి కవరులో మూశాను. అంటించిన చోట ఇద్దరం సంతకాలు చేసి మునిలక్ష్మికి అప్పగించాం. ఆ ఆట తేలేదాకా ఒకరితో ఒకరం ఇంకో ఆట ఆడకూడదన్నది మా ఒప్పందం.

ఆయన బస్సెక్కాక నాకు తెలిసింది, రాసింది చెల్లని ఎత్తు. రాజుకు అడ్డుగా ఉన్న గుర్రాన్ని కదుపుతానని రాశాను; అది కదిలితే నా రాజు ఆయన ఏనుగుకు దొరుకుతాడు. చెల్లని ఎత్తు మూసినవాడు కవరు తెరవగానే ఓడినట్టే. మార్చుకుంటానని మునిలక్ష్మిని బతిమాలాను. "ఇద్దురూ సంతకాలు పెట్టినారు, ఇద్దురూ ఉంటేనే ఇస్తా" అంది. మొదట సిగ్గుతో వాయిదా వేశాను. తర్వాత, ఆట తేలిపోతే ఆయన రాడేమోనని భయపడ్డాను. ప్రతి ఆదివారం వస్తాడు. "ఏమప్పా, ఆ కవరు ఈ పొద్దన్నా తెరిసేది ఉండాదా లేదా?" అంటాడు. కళ్లజోడు పగిలిందనో, బంధువులొస్తున్నారనో చెబుతాను. కాఫీ తాగి వెళ్లిపోతాడు. ఆటంటే ప్రాణం పెట్టే మనిషిని ఇన్నేళ్లూ నాతో ఆడనివ్వలేదు. ఒకసారి నా గుర్రాన్ని గాడిద అన్నాడు. ఆ కోపం ఇంతటితో వదులుకుంటున్నాను.

4. నేను పోయాక, కర్మకాండల హడావుడిలో కాకుండా, ఒక ఆదివారం ఆయనకు కాఫీ ఇచ్చి కవరు తెరవండి. చెంగల్రాయా, ఆట నీది. నన్ను క్షమించు.

5. అప్పుడే జాహ్నవి ఆయనతో కొత్త ఆట మొదలుపెట్టాలి. బస్సు వేళకు ఆపేయాలి. ఎవరి వంతైతే వాళ్లు ఎత్తు రాసి మూయాలి. నీ వంతైతే తల్లీ, రాజును ఒకసారి చూసుకుని రాయి. కవరు అవ్వకు ఇవ్వు. మళ్లీ ఆదివారం ఆయన వస్తాడు.

తిరుపతి, 2025 ఆగస్టు 17, ఆదివారం, ఆయన బస్సు దిగేలోపు.

(సంతకం) మునిరత్నం

సాక్షులు: పక్కింటి నరేంద్ర, ఆయన భార్య కోమలి